యాడికి పోయిన సీడీ

“ఈసారి నీకు పిస్టల్ అక్కర్లేదయ్యా,” అన్నాడు చీఫ్. “కార్డు చాలు.”

ఏజెంట్ నైంటీన్ బల్ల మీది ఫోటో వంక చూశాడు. అరచెయ్యంత ఆకుపచ్చ బోర్డు, దాని అంచున వరసగా నాలుగు కన్నాలు. విమానాల్లోంచి దూకిన మనిషి, సరిహద్దులో గడ్డం అంటించుకుని మేకలు కాసిన మనిషి. అతనికి ఆ ఫోటో చూడగానే ఒళ్లు మండింది.

“ఇదేంటి సార్?”

“నెట్‌వర్క్ కార్డు. కర్నూలులో భూగర్భ లోహాల సర్వే ఆఫీసుంది. కడప కొండల్లో ఏళ్ల తరబడి వేసిన బోర్ల మ్యాపులన్నీ అక్కడ ఒక స్టోరేజ్ సర్వర్‌లో ఉన్నాయి. సగం మ్యాపులు ఇప్పటికే సముద్రం దాటేశాయి. కొంటున్నది ఒక విదేశీ ముఠా.”

“అమ్ముతున్నదెవరు?”

“సర్వర్ లెక్కన స్వర్ణలత. ఆ బోర్లన్నీ దగ్గరుండి వేయించిన జియాలజిస్టు. మ్యాపులు పోయినప్పుడల్లా ఆవిడ పాస్‌వర్డే కనిపిస్తోంది. కానీ పాస్‌వర్డు దొంగిలించడం ఎంతసేపు? అక్కడ నాలుగు గదులున్నాయి. నాలుగు గదుల వైర్లూ ఒక డబ్బాలో కలిసి, ఒకే వైరుగా సర్వర్‌లోకి పోతాయి. సర్వర్‌కున్న పోర్టు ఒక్కటే. ఇక ఏ గదిలో దొంగ ఉన్నాడో ఎలా తెలుస్తుంది?”

“ఈ కార్డుతో తెలుస్తుందా?”

“గదికో పోర్టు. ఏ పోర్టు లైటు మినుకుమంటే ఆ గదిలో దొంగ. చిన్నపిల్లాడి పని.” చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయనది భీమవరం. చిన్నపిల్లాడి పని అన్న ప్రతిసారీ ఎవడో ఒకడు ఆస్పత్రి పాలయ్యాడన్నది డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. “కార్డు కొరియర్లో కర్నూలు చేరిపోయింది. లోపల మన మనిషి ఉంది, శ్రీవాసవి. పైకి కంప్యూటర్ కన్సల్టెంటు. ఆ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె దగ్గర కార్డు తీసుకో. శనివారం సాయంత్రంలోగా తేలకపోతే పోలీసులు స్వర్ణలతను అరెస్టు చేస్తారు. పైనుంచి ఆర్డరు వచ్చేసింది. దేశద్రోహం కేసు. ఒకసారి లోపలికి వెళితే ఆవిడ బయటికి రావడం మాటలు కాదు.”

ఏజెంట్ నైంటీన్ అసలు పేరు ధనుంజయ. సొంతూరు మైదుకూరు పక్క. అందుకే ఈ పని తనకు అంటగట్టారని అతనికి తెలుసు. రాయలసీమలో యాసతో దొరికిపోని మనిషి కావాలన్నారు. ఆ యాసే మిషన్‌ను తలకిందులు చేస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

*

శనివారం పొద్దున కర్నూలు అప్పటికే పెనంలా కాలుతోంది. ధనుంజయ యూపీఎస్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. నీలం చొక్కా, జేబులో టెస్టర్, పెదవి మీద అంటించిన మీసం. ఆటో దిగేసరికి చెమటకి మీసం ఎడమవైపు జారింది. దాన్ని వేలితో ఒత్తిపట్టుకునే ఆఫీసు మెట్లెక్కాడు.

శ్రీవాసవి వరండాలో ఎదురైంది. బెంగుళూరులో పెరిగిన పిల్ల. అంత ఎండలోనూ ఆమె కాటన్ చీర మడత నలగలేదు.

“బేనీషా మామిడిపండ్లు వచ్చినాయా?” అన్నాడు ధనుంజయ. అది కోడ్ వర్డు.

“పూత రాలిపోయింది. ఊరగాయకైతే ఉన్నాయి,” అని నవ్వి, గొంతు తగ్గించింది. “కార్డు నా రూములో ఉంది. టేపు కోసి చూశాను, ఏమీ అనుకోకండి. కార్డుని సర్వర్‌కి పరిచయం చేసే డ్రైవర్ సీడీ మాత్రం బాక్సులో లేదు. కంపెనీవాళ్లు విడిగా పంపుతున్నారట.”

“సీడీ లేకుంటే పని కాదా?”

“ఒక్కోసారి అవుతుంది,” అంది శ్రీవాసవి ఎంతో దయగా.

సర్వర్ గది మూలన ఉంది. ఏసీ ఉందిగానీ చల్లబరచడం మానేసి చాలాకాలమైంది. అటెండరు శేషన్న తాళం తీసి, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

ధనుంజయ సర్వర్ ఆపాడు, మూత విప్పాడు, కార్డు గుచ్చాడు, మళ్లీ ఆన్ చేశాడు. లోపలి డిస్కులన్నీ ఒక్కొక్కటే మేలుకుని, మూలిగి, తిరగడం మొదలెట్టేసరికి ఒక టీ తాగడం అయింది. స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి.

నెట్‌వర్క్ పోర్టులు: ఒకటి.

మళ్లీ ఆపాడు. కార్డు తీసి పక్క స్లాటులో పెట్టాడు. ఆన్ చేశాడు. డిస్కులు మూలిగాయి.

నెట్‌వర్క్ పోర్టులు: ఒకటి.

మళ్లీ తీశాడు. బంగారు పూత ఉన్న అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. ఉఫ్ అని ఊదాడు. గట్టిగా నొక్కాడు. స్క్రూ బిగించాడు.

ఒకటి.

“నీ యబ్బ!” అన్నాడు ధనుంజయ. “కండ్ల ముందర నాలుగు కన్నాలు పెట్టుకోని ఒకటంటాదేందిది!”

“టెంకాయ కొట్టినారా అప్పా?” అన్నాడు శేషన్న.

“కొట్టలేదు.”

“అదే మరి. కొత్త బోరుకు గూడ కొట్టందే మా మేడమ్ మిషన్ ఆన్ చెయ్యనీదు.”

శత్రువు కనిపిస్తే ఏదో ఒకటి చేయవచ్చు. ఇక్కడ కొట్టడానికి మనిషి లేడు, బెదిరించడానికి గొంతు లేదు, లంచం ఇద్దామంటే చెయ్యి చాపేవాడు లేడు. ఇనపపెట్టె ఒకటి ఎదురుగా కూర్చుని, ఉన్నదాన్ని లేదంటోంది. ధనుంజయకు ఏడుపొచ్చినంత పనైంది.

గది తలుపు దగ్గర నీడ పడింది. ఖద్దరు జాకెట్టు, ఎండకి నల్లబడిన ముఖం, యాభై ఏళ్ల మనిషి. స్వర్ణలత. వెనక ఒక మహిళా కానిస్టేబుల్. పొద్దున్నే ఆవిడ గదికి సీలు వేసి, ఆవిణ్ణి లైబ్రరీలో కూర్చోబెట్టారు.

“ఏమప్పా, యూపీఎస్ బాగవుతాదా?” అంది.

“చూస్తాండా మేడమ్.”

“త్వరగా చూడు. దాంట్లో ఉండేవన్నీ నా మ్యాపులు. ఆ కొండల్లో నీళ్లు గూడ దొరకని చోట టెంటు ఏసుకోని వేయించిన బోర్లు. వాటిని నేనే అమ్ముకుంటినంట!” సర్వర్ వంక వేలు చూపించింది. “వాటికి నేను పడినన్ని నొప్పులు మా అమ్మ పురుడుకు గూడ పడిండదు. నవ్వొస్తాదో, ఏడుపొస్తాదో తెలీడంలే.”

కానిస్టేబుల్ భుజం తట్టింది. ఆవిడ వెళ్లిపోయింది. ధనుంజయ మళ్లీ సర్వర్ మూత విప్పాడు.

*

పదిన్నరకల్లా అతని సహనం అడుగంటింది. ఫోను తీసి చీఫ్‌కి మెసేజ్ కొట్టాడు. అప్పటి ఫోన్లలో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాయాలి, అందులోనూ ఒక్కో అక్షరానికి బటన్ మూడేసి సార్లు నొక్కాలి. ప్రశ్నార్థకం ఏ బటన్ కింద దాక్కుందో వెతికే ఓపిక ఎవడికుంటుంది? నోటికొచ్చిన మాటే వేలికొచ్చింది.

“డ్రైవర్ సీడీ యాడికి పంపినారు.”

జవాబు రాలేదు. ఫోను రాలేదు. సీడీ అసలే రాలేదు. అతను మరోసారి కార్డు పీకి, రుద్ది, ఊది, పెట్టాడు. సర్వర్ మరోసారి ఒకటంది. చేతిలో స్క్రూడ్రైవరు గోడకేసి కొట్టాడు. అది తిరిగొచ్చి అతని మోకాలికే తగిలింది.

ఒంటిగంటకి ఫోను మోగింది.

“ఏంటయ్యా, కర్నూలులో కూర్చుని సీడీ అక్కడికెందుకు తెప్పించావు?” చీఫ్ గొంతులో కోపం. “నేను పోలీసుల్ని పంపాల్సి వచ్చింది. అక్కడ చూస్తే గొడవ గొడవగా ఉంది!”

“ఎక్కడికి సార్?”

“యాడికి!”

“అదే సార్ నేనూ అడుగుతాండేది. యాడికి?”

“యాడికి అంటున్నానుగా!”

ధనుంజయ ఫోనును చెవి నుంచి తీసి, ఒకసారి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. యాడికి అని ఒక ఊరుంది. గుత్తి, తాడిపత్రి దగ్గర. తను ఎక్కడికి పంపారని అడిగితే, భీమవరం మనిషి మ్యాపు తీసి వెతికి, ఊరు కనిపెట్టాడు!

“సార్,” అన్నాడు పళ్లు బిగించి, “మా సైడు యాడికి అంటే ఎక్కడికి అని. నేను మిమ్మల్ని ప్రశ్న అడిగినా. యాడికిలో సీడీ లేదు, గీడీ లేదు.”

అవతల మ్యాపు మడిచిన చప్పుడైంది.

“మరైతే,” అన్నాడు చీఫ్ నెమ్మదిగా, “ఎస్సై ఇప్పుడే ఫోన్ చేసి, ఒక తెల్లదొర, ఇద్దరు మనుషులు యాడికి కొరియర్ ఆఫీసులో మూటలన్నీ చింపి సీడీ కోసం వెతుకుతున్నారని ఎందుకు చెప్పాడు?”

గదిలో ఏసీ గుర్రుమంటోంది. ధనుంజయ మీసం పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చింది. అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

“యాడికి సంగతి మీరు ఎవరికి చెప్పినారు సార్?”

“ఎస్సైకి. నీకు సాయంగా ఉంటుందని శ్రీవాసవికి. ఇంకెవరికీ లేదు.” చీఫ్ ఆగాడు. “ఓరి దేవుడా!”

“శ్రీవాసవి మనవైపున్న డబల్ ఏజెంటు కాదు సార్. వాళ్లవైపున్న డబల్ ఏజెంటు. బాక్సు టేపు కోసింది ఆమే. సీడీ తీసింది ఆమే. ఇంకో సీడీ వస్తాందనుకోని వాళ్లను పరిగెత్తించింది.”

“ఆమెనీ, ఆ దొరనీ ఇప్పుడే లోపలేయిస్తా!”

“వద్దు సార్. ఆమె మీద మన దగ్గర రుజువు ఏముండాది? మీరు చెప్పింది ఎవరో విన్నారంటాది. పాస్‌వర్డు మటుకు స్వర్ణలత మేడమ్‌దే గదా, ఆమె మెడకే చుట్టుకుంటాది. దొరను వెతకనివ్వండి. ఎస్సైని దూరంగా నిలబడమనండి. సర్వర్‌లో చూసినా, అసలుది ఇంకా పోలేదు, అన్నిటినీ కలిపే పెద్ద మ్యాపు. మేడమ్ అరెస్టయితే పాస్‌వర్డు రద్దయిపోతాది. అందుకని శ్రీవాసవి ఆ మ్యాపును సాయంత్రం లోపలే లాగుతాది. ఈ కార్డు పనిచెయ్యదన్న ధైర్యంతోనే లాగుతాది.”

“పనిచేస్తుందా?”

ధనుంజయ స్క్రీన్ వంక చూశాడు. ఒకటి, అంటోంది స్క్రీన్.

“చేయిస్తా,” అన్నాడు. ఎలాగో అతనికే తెలియదు.

*

భోజనాల వేళ శ్రీవాసవి క్యారేజీ తీసుకుని మేడ మీదికి వెళ్లింది. ధనుంజయ ఆమె గదిలో సొరుగులు వెతికాడు. చేతిసంచీ వెంట తీసుకెళ్లినట్టుంది. బీరువాలో కాగితాలు తప్ప ఏమీ లేవు. కిటికీ పక్కన అట్టపెట్టెల్లో పాటల సీడీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అన్నిటికీ పైన అహోబిలం నరసింహస్వామి స్తోత్రాలు.

బయటికొచ్చి శేషన్నను అడిగాడు. “ఏమన్నా, ఆ మేడమ్ గదిలో పాటలు వినపడతాయా?”

“యాడప్పా! ఒక్కనాడూ ఇనలేదు. ఆ కంప్యూటరుకు స్పీకర్లే ల్యా.”

ధనుంజయ మళ్లీ లోపలికి వెళ్లి నరసింహస్వామి పెట్టె తెరిచాడు. లోపల కార్డు కంపెనీ గుర్తుతో డ్రైవర్ సీడీ తళతళలాడుతోంది. దాన్ని సర్వర్‌లో పెట్టి, ఉన్నదంతా కాపీ చేసుకుని, తీసుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఇక అయిపోయినట్టే అనుకున్నాడు. డ్రైవర్ ఎక్కించాడు. సర్వర్ ఏ అడ్డూ చెప్పకుండా ఎక్కించుకుంది.

నెట్‌వర్క్ పోర్టులు: ఒకటి.

ఆ క్షణంలో ఏజెంట్ నైంటీన్ నేల మీద కూర్చుండిపోయాడు. ఇంత చేసినా ఒకటేనా! ఎవరి జీవితమో ఈ పెట్టె చేతిలో పెట్టి, కార్డు ఇచ్చి పంపారు తనని. దానికి చెవులుంటే మైదుకూరులో ఉన్న బూతులన్నీ వినిపించేవాడు. చెవులు లేవని తెలిసి కూడా కొన్ని వినిపించాడు. శేషన్న లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

తర్వాత చేయడానికి ఇంకేమీ లేక, ఎవ్వరూ చేయని పని చేశాడు. సీడీలో ఉన్న సూచనల ఫైలు మొదటి నుంచి చదివాడు. చివరి పేజీలో, కంపెనీ అడ్రసుకి కాస్త పైన, ఒక ముక్క రాసి ఉంది. ఈ రకం సర్వర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు చూసుకున్న సామానే తన సామాను అనుకుంటుంది. కొత్తది పెడితే తనంతట తాను వెతకదు. వెతకమని కమాండ్ ఇచ్చి, ఆపి, మళ్లీ ఆన్ చేయాలి.

“పొద్దున్నుంచి ఇది అసలు చూడనే లేదన్నా!” అన్నాడు ధనుంజయ. “మనం ఎన్ని తూర్లు పెట్టినా, పాత లెక్కే ఒప్పజెప్తాండాది.”

“మా పాత డైరెక్టరు గూడ అంతే,” అన్నాడు శేషన్న.

కమాండ్ ఇచ్చాడు. ఇక సర్వర్ ఆపాలి. ఇప్పుడు ఊరికే ఆపి వైర్లు మారిస్తే శ్రీవాసవికి అనుమానం వస్తుంది. ధనుంజయ నేరుగా మెయిన్ స్విచ్చు దగ్గరికి వెళ్లి కిందికి లాగేశాడు. యూపీఎస్ ఎలాగూ చెడిపోయే ఉంది. ఆఫీసంతా లైట్లారి, ఫ్యాన్లు ఆగాయి. కరెంటు పోయిందని అన్ని గదుల నుంచీ ఒకేసారి నిట్టూర్పులు వినిపించాయి. మే నెలలో కర్నూలులో కరెంటు పోతే ఎందుకు పోయిందని అడిగేవాడు లేడు. అందరూ వరండాలోకొచ్చి ఫైళ్లతో విసురుకుంటూ నిలబడ్డారు. ఆ సందులో అతను డబ్బాలోని వైర్లు పీకి, గదికో పోర్టు చొప్పున కార్డుకి తగిలించాడు. మొదటిది డైరెక్టరు తిరుమలయ్య గది. రెండోది సీలు వేసిన స్వర్ణలత గది. మూడోది శ్రీవాసవి. నాలుగోది డ్రాయింగ్ సెక్షన్.

స్విచ్చు ఎత్తాడు. డిస్కులు మేలుకున్నాయి, మూలిగాయి, తిరిగాయి.

నెట్‌వర్క్ పోర్టులు: అయిదు.

పాతది ఒకటి, కొత్తవి నాలుగు. ధనుంజయకు శేషన్నను ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు. ఆ మాటకొస్తే సంతోషించే వీలు కూడా లేదు. శ్రీవాసవి వరండాలో చెప్పుల చప్పుడు చేసుకుంటూ వస్తోంది. అతను చప్పున స్క్రీన్ ఆర్పేసి, సర్వర్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

“థూ! నీ బతుకు చెడ! కరెంటు పోయె, ఉండే ఒక్క పోర్టు గూడ పోయేట్టుండాది!”

“ఇంకా గుర్తించలేదా?” అంది శ్రీవాసవి తలుపు సందులోంచి.

“లేదు మేడమ్. నా వల్ల కాదు. ఆమెను అరెస్టు చేసుకోమని చెప్పేస్తా.”

“అయ్యో, పాపం,” అంది ఆమె. ఆ పాపం స్వర్ణలతకో, అతనికో చెప్పకుండానే వెళ్లిపోయింది.

*

సాయంత్రం డీఎస్పీ జీపు వచ్చింది. వారంటు చేతిలో ఉంది. స్వర్ణలతను సర్వర్ గదిలోనే ప్రశ్నిద్దామని ధనుంజయ పట్టుబట్టాడు. డీఎస్పీకి ఆ ఉక్కలో నిలబడటం ఇష్టం లేదు.

“ఏందయ్యా ఇది? మెకానిక్కువి, నువ్వు నాకు చెప్తావా?”

ధనుంజయ గుర్తింపు కార్డు చూపించాడు. డీఎస్పీ రుమాలుతో ముఖం తుడుచుకుని, “రెండు నిమిషాలు,” అన్నాడు.

స్వర్ణలత కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. కార్డు లైట్లు నాలుగూ కదలకుండా ఉన్నాయి. డీఎస్పీ గడియారం చూసుకున్నాడు. శ్రీవాసవి ఆ మ్యాపు లాగకపోతే? మనసు మార్చుకుంటే? యాడికిలో దొర విసిగిపోయి ఆమెకి ఫోన్ చేసి ఉంటే?

“ఇక చాలు,” అన్నాడు డీఎస్పీ. “లేవండి మేడమ్.”

ఆవిడ లేచింది. కానిస్టేబుల్ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

మూడో లైటు మినుకుమంది.

ఒకసారి మినుకుమని ఆగింది. మళ్లీ మినుకుమంది. తర్వాత ఆగకుండా కొట్టుకోవడం మొదలెట్టింది. స్క్రీన్ మీద వరస పడింది. యూజర్: స్వర్ణలత. పోర్టు: మూడు. ఫైలు: పెద్ద మ్యాపు.

“సార్, చూడండి!” ధనుంజయ అరిచినంత పని చేశాడు. “మేడమ్ చేతులు కానిస్టేబుల్ దగ్గరుండాయి. మేడమ్ గదికి మీ సీలే ఉండాది. మరి మూడో గదిలో కూర్చోని మేడమ్ పాస్‌వర్డు కొట్టే మేడమ్ ఎవరు?”

డీఎస్పీ నోరు తెరిచాడు. మ్యాపు సగం దాటింది. ముప్పాతిక దాటింది. డీఎస్పీ ఇంకా నోరు మూయలేదు.

“చూసినారా? సాక్ష్యం చెప్తారా? గట్టిగా చెప్పండి సార్!”

“చూసినానయ్యా! చూసినా!”

ధనుంజయ మూడో వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. లైటు ఆరిపోయింది. మ్యాపులో చివరి కొసరు ముక్క సర్వర్‌లోనే ఆగిపోయింది. ముక్క తగ్గిన ఫైలు ఏ కంప్యూటర్లోనూ తెరుచుకోదు.

వాళ్లు తలుపు తోసేసరికి శ్రీవాసవి ఆగిపోయిన స్క్రీన్ వంక చూస్తోంది. చేతిసంచీలోకి వెళ్లబోయిన చేతిని ధనుంజయ మధ్యలోనే పట్టుకున్నాడు. సంచీలో చిన్న పిస్టల్ ఉంది. తనకు ఇవ్వని పిస్టల్ ఆమెకు ఎవరిచ్చారో అని అతనికి భలే కోపమొచ్చింది.

“కార్డు పనిచేయలేదుగా!” అంది ఆమె. మొదటిసారి ఆ ముఖంలో నిజం కనిపించింది. “మీరు పొద్దున్నుంచి తిడుతూనే ఉన్నారు!”

“మధ్యాహ్నం దాకా తిట్టినవి అసలువి. ఆ తర్వాతవి నకిలీవి. కనుక్కోలేకపోయినారు.”

కాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు. యాడికిలో దొరను పట్టుకున్నారు. కొరియర్ ఆఫీసువాడు చిరిగిన మూటలకి డబ్బు ఎవరిస్తారని అడుగుతున్నాడట. శ్రీవాసవిని, ఆమె పాటల పెట్టెల్ని జీపు ఎక్కించారు. డీఎస్పీ వారంటు చింపేసి, ఆ ముక్కలు ఎక్కడ పారేయాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

సర్వర్ గదిలో స్వర్ణలత ఒక్కతే మిగిలింది. కానిస్టేబుల్ వదిలేసిన మణికట్టుని రెండో చేత్తో రుద్దుకుంటోంది.

“మేడమ్, మీరింక ఇంటికి పోవచ్చు,” అన్నాడు ధనుంజయ.

“నన్ను ఎట్ల నమ్మినావప్పా?”

అతను అబద్ధం చెబుదామనుకున్నాడు. అలసట వల్ల నిజమే వచ్చింది. “నమ్మలేదు మేడమ్. మొదట్లో నాకు ఈ కార్డు మీద కోపం తప్ప ఇంకేమీ ల్యా.”

ఆవిడ అతని వంక చూసింది, కార్డు వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ మాట మాత్రం కొరడాలా వచ్చింది. “పొద్దున్నుంచి దొంగ దొంగ అని ఈడ కూర్చోబెడితిరి. ఇంతమంది ఆఫీసర్లు, ఇంతమంది పోలీసులు! ఒక్కరన్నా కాఫీ తాగుతావా అని అడిగితిరా?”

ఏజెంట్ నైంటీన్ మెట్లు దిగాడు. ఆ రోజుకి అతనికి దక్కిన చివరి మిషన్ అదే: రెండు కాఫీలు, మేడమ్‌ది చక్కెర లేకుండా.